సముద్రుడికి వాల్టా నోటీసు

మన ఆంధ్రప్రదేశ్‌లో చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఆ మాటే చెబుతోంది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో మాత్రం ఒక ఆసామి ఏళ్ల తరబడి ఏ దరఖాస్తూ పెట్టకుండా, పైసా ఫీజు కట్టకుండా కొబ్బరిచెట్లనీ సరుగుళ్లనీ వేళ్లతో సహా పెకలించుకుపోతున్నాడు. ఇంతవరకు కేసు లేదు, నోటీసు లేదు. పేరు బంగాళాఖాతం, నివాసం ఊరికి ఆనుకునే.

ఆయన చెట్లతో ఊరుకునే రకం కాదు. ఇళ్లు మింగాడు. కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డును విడతల వారీగా మింగుతున్నాడు. తుపాను వస్తే రోడ్డు పోతుంది, రాళ్లు పోస్తారు. మళ్లీ తుపాను వస్తుంది, ఆ రాళ్లూ పోతాయి. ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ కట్టి చూశారు, దాన్నీ ఛిద్రం చేశాడు. తక్కిన ఊళ్లలో రోడ్డు వెడల్పు చెయ్యడానికి చెట్టును బలి ఇస్తారు. ఇక్కడ రోడ్డే ఏటికేడు సన్నబడుతోంది. చెట్టు దానికంటే ముందే పోయింది.

సరే, పోయిన చెట్లకు బదులు చెట్లు ఇప్పించమని ఉప్పాడ జనం అర్జీ పట్టుకుని ఏదో ఒక ఆఫీసుకి వెళ్లారనుకోండి. సంభాషణ ఎలా సాగుతుందో ఊహించడం కష్టం కాదు.

"చెట్లు ఎక్కడుండేవయ్యా?"

"అదిగోనండి, ఆ అల విరుగుతుంది చూడండి, అక్కడండి."

"అక్కడ భూమే లేదుగా!"

"ఆయ్, చెట్లతో పాటే పోయిందండి."

"మరి అక్కడ చెట్లుండేవని రుజువేంటి?"

రుజువుకి మొద్దు కూడా మిగల్చలేదు సముద్రుడు. ఈ విషయంలో పట్నాలు నయం. చెట్టు పోయినా మొద్దుంటుంది, దాని మీద కూచుని ధర్నా చేసుకోవచ్చు. రోడ్డు వెడల్పులో పోబోయే చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కోసం హైదరాబాద్ వాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఇంగ్లండులో షెఫీల్డ్ నగర పాలకులు రోడ్ల బాగు పేరుతో వేల వీధిచెట్లు కొట్టించారు, అడ్డుపడిన వాళ్లని కోర్టుకీడ్చారు, ఆఖరికి 2023లో జనానికి క్షమాపణ చెప్పుకున్నారు. మనకి క్షమాపణలు చెప్పే అలవాటు లేదు. వనమహోత్సవం చేస్తాం.

2016 జులై 29న 'వనం–మనం' అన్నారు, ఒక్కరోజులో కోటి మొక్కలు లక్ష్యం. 2020లో 'జగనన్న పచ్చతోరణం' అన్నారు, లక్ష్యం 20 కోట్లు. 2024 ఆగస్టు 30న మళ్లీ ఒక్కరోజులో కోటి. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి. చాలాచోట్ల గుంత మాత్రం పాతదే. ఆ మొక్కలన్నీ బతికుంటే ఈపాటికి జిల్లా రోడ్ల మీద పట్టపగలు టార్చిలైటు వేసుకుని తిరగాల్సి వచ్చేది.

బతికిన వాటి కథ ఇంకా చిత్రం. కాకినాడ వీధుల్లో కోనోకార్పస్ పెట్టారు. త్వరగా లేస్తుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఫోటోలో బాగా పడుతుంది. మంచి మొక్కకి ఇంతకంటే ఏం కావాలి? తర్వాత దాని పుప్పొడితో ఉబ్బసం వస్తుందనీ, వేళ్లు పైపుల్లో దూరతాయనీ నేరాలు మోపి నరకడం మొదలెట్టారు. శిక్ష చెట్టుకే పడింది. ఏరి కోరి తెచ్చి నాటించిన వాళ్లనెవరూ పేరు కూడా అడగలేదు.

ఇదంతా జరుగుతున్నది ఎక్కడ? కడియం నర్సరీల నుంచి దేశం నలుమూలలకీ లారీల్లో చెట్లు పోయే గోదావరి సీమలో. ఎక్కడెక్కడి విల్లాల ముందో మన చెట్లు నీడనిస్తుంటాయి. ఉప్పాడలో బస్సు కోసం నిలబడినవాడు గొడుగు తెచ్చుకోవాలి.

అయితే ఉప్పాడ జనానికి ఇంకెవరికీ దొరకని అదృష్టం ఒకటుంది. పంచాయతీ వాళ్లు అటవీ శాఖ వైపు, అటవీ శాఖ వాళ్లు పంచాయతీ వైపు వేలు చూపించడం మన ఆనవాయితీ కదా. ఉప్పాడ ఉన్నది పిఠాపురం నియోజకవర్గంలో. అక్కడి ఎమ్మెల్యే ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్. అడవులు, పర్యావరణం, పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. 2024 జులైలో వచ్చి కోతను కళ్లారా చూసి వెళ్లారు కూడా. ఎవరు ఎటు వేలు చూపించినా అది ఆయన బల్ల దగ్గరికే వెళ్తుంది.

కాబట్టి ఉప్పాడ వారూ, అర్జీ ఒక్కటి చాలు. అందులో 'మొక్కలు కావాలి' అని మాత్రం రాయకండి, మొక్కలే ఇచ్చేస్తారు. ఉప్పుగాలికి తట్టుకునే పొన్న, గంగరావి, కానుగ, తాటి అని పేర్లు పెట్టి అడగండి. కెరటం అందని చోట, జమ్దానీ చీరల మగ్గాలున్న వీధుల్లో వెయ్యమనండి. కంచె ఎవరు కడతారో, వేసవిలో నీళ్లెవరు పోస్తారో కాగితం మీద రాయించుకోండి. నాటిన రోజు లెక్క వద్దు, మూడో వేసవి దాటాక వచ్చి బతికినవి లెక్కపెట్టి, పోయినవాటి చోట మళ్లీ నాటమనండి. సంతకాల పక్కన ఫోన్ నంబర్లు వెయ్యడం మరిచిపోకండి.