చంపడం తేలికే, పేరు పెట్టడమే కష్టం

డిటెక్టివ్ నవలలు రాసేవాడికి పెళ్లిళ్లలో పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. పరిచయం చేసేవాళ్లు "వీరు ఇప్పటిదాకా ఎంతమందిని చంపారో లెక్కే లేదండీ" అంటారు. అవతలివారు నమస్కారం పెట్టి, మెల్లిగా భోజనాల వైపు జారుకుంటారు. నిజం చెప్పాలంటే మా అంత సాధుజీవులు ఇంకెవరూ ఉండరు. బొద్దింక కనబడితే నేను మా ఆవిడను కేకేస్తాను.

అసలు చంపడం పెద్ద పనేం కాదు. కత్తిపీటో, గన్నేరు పప్పో, మేడ మెట్లో, ఏదో ఒకటి చేతికి దొరుకుతుంది. నా ప్రాణం పోయేదల్లా హంతకుడికి పేరు పెట్టే దగ్గరే. ఇన్‌స్పెక్టర్ మెగ్రే కథలు రాసిన జార్జి సిమెనాన్ పేర్ల కోసం టెలిఫోన్ డైరెక్టరీలు తిరగేసేవాడట. ఆయనకేం, బెల్జియంలో పుట్టాడు. మన దగ్గర ఇంటిపేరు రాస్తే చాలు, కులం, జిల్లా, ఏ ఊరి కరణం గారి మనవడో కూడా పాఠకుడు చెప్పేస్తాడు. ఫలానా ఇంటిపేరువాడు హత్య చేశాడని రాశానా, ఆ కార్తీకమాసం వనభోజనాల్లో పులిహోరకీ బొబ్బట్టుకీ మధ్య నామీద ఖండన తీర్మానం పాసవుతుంది. పోనీ ఇంటిపేరు మానేసి వట్టి పేరు పెడదామంటే చుట్టాలు ఊరుకోరు. సుబ్బారావు మా పెదనాన్నగారు. ప్రసాదు మా బావమరిది. మూర్తి అంటే ఇంటి ఓనరు. ఒకసారి ఏడు తరాల్లో ఎవరికీ లేని పేరు వెతికి పట్టుకుని హంతకుడికి పెట్టాను. అది అచ్చై వచ్చేసరికి మా మేనకోడలికి సంబంధం కుదిరింది. పెళ్లికొడుకుది అదే పేరు! ఆ అల్లుడుగారు ఇప్పటికీ మా ఇంట్లో కాఫీ ఇస్తే ముందు నన్ను తాగమంటాడు.

పెద్దలు ఈ గండం ముందే కనిపెట్టారు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ని "మీ ఇంటిపేరేమిటి బాబూ?" అని ఎవరైనా అడిగినట్టు నాకు గుర్తు లేదు. ఆయన అసిస్టెంటు రాజు అయితే ఏ ఇంట్లోనైనా ఉంటాడు. మధుబాబుగారు ఇంకో మెట్టెక్కి హీరోని షాడో అన్నారు. నీడకి గోత్రం ఎవరడుగుతారు?

గొప్పవాళ్ల అలవాట్లు పడితే గొప్ప నవల పుడుతుందని కొందరి నమ్మకం. సిమెనాన్ నవల మొదలుపెట్టే ముందు డాక్టరుకి ఒళ్లు చూపించుకుని, తలుపుకి 'లోపలికి రావద్దు' అన్న హోటల్ బోర్డు తగిలించి, రోజుకో అధ్యాయం చొప్పున రాసేసేవాడు. నేనూ డాక్టరు దగ్గరికెళ్లాను. ఆయన బీపీ చూసి ఉప్పు, ఊరగాయ, కాఫీ మానెయ్యమన్నాడు. ఆ మూడూ లేకుండా తెలుగులో హత్య ఎలా చేయిస్తారండీ? ఇక బోర్డంటారా, అదీ తగిలించాను. మా పనమ్మాయి దాన్ని శుభ్రంగా తుడిచి, మళ్లీ అక్కడే తగిలించి లోపలికొచ్చి, "కాళ్లు కాస్త పైకి పెట్టుకోండి అయ్యగారూ" అంది.

అగాథా క్రిస్టీ స్నానాల తొట్టిలో యాపిల్ పళ్లు తింటూ కథలు అల్లేది. మా ఇంట్లో ఉన్నది బకెట్టు, చెంబు. ఒక చేత్తో జామకాయ పట్టుకుని ఇంకో చేత్తో నీళ్లు పోసుకుంటూ కథ ఆలోచించడం మనుషులకి సాధ్యం కాదు, ముఖ్యంగా సబ్బు కళ్లల్లో పడ్డాక. ఆవిడకి ఇంకో సౌకర్యం కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. అక్కడ నేర్చిన విషాల సంగతులతోనే 1920లో మొదటి నవల వచ్చింది. అందులో స్ట్రిక్నిన్ వాడిన తీరుకి మందుల శాస్త్రంవాళ్ల పత్రిక కూడా భేష్ అంది. ఆ పాటి పరిశోధన మనమూ చేద్దామని మెడికల్ షాపుకెళ్లి, ఫలానా మాత్రలు ఎన్ని మింగితే ఏమవుతుందని అడిగాను. షాపతను కౌంటరు వెనకనుంచి బయటికొచ్చి, స్టూలు వేసి కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, "మాస్టారూ, కష్టాలు అందరికీ ఉంటాయి, ముందు ఇంటి నంబరు చెప్పండి" అన్నాడు. నేను నవలలు రాస్తానని చెబితే అతని జాలి ఇంకా ఎక్కువైంది.

క్రిస్టీ నోటు పుస్తకాలు 73 మిగిలాయి. వాటిలో విషప్రయోగాల పక్కనే ఇంటి సరుకుల జాబితాలు ఉంటాయి. ఈ ఒక్క అలవాటు మాత్రం నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. చేతికందిన చీటీ మీద కథ గిలికేస్తాను. ఆ చీటీ మీదే మా ఆవిడ సరుకులు రాసి కిరాణా కొట్టుకి పంపుతుంది. ఓ సాయంత్రం కొట్టు కుర్రాడు సంచీ తెచ్చి గుమ్మంలో దించి, చీటీ పట్టుకుని లెక్క అప్పజెప్పాడు. "కందిపప్పు కేజీ, ఇంగువ డబ్బా, చింతపండు అరకిలో వచ్చినయ్యండి. కత్తి స్టీలుదా ఇనపదా అని ఓనరుగారు అడగమన్నారు. మేనమామ శవం మాత్రం మా దగ్గర ఉండదంట." ఇంత చెప్పి, కింద చూసి, "పెరట్లో గొయ్యి అని కూడా రాశారండి, దానికి కూలోణ్ణి పంపాలా?" అన్నాడు. సేవాభావం ఉన్న కుర్రాడు, పైకొస్తాడు.

ఇక హంతకుడు నేరం జరిగిన చోట లేనని రుజువు చేసుకోవాలి కదా. జపాన్‌లో సెయిచో మత్సుమొతో అనే మహానుభావుడు టోక్యో స్టేషన్‌లో ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకో ప్లాట్‌ఫాం కనబడే 4 నిమిషాల వ్యవధి మీద నవల నడిపించాడు. 1958లో పుస్తకంగా వచ్చింది. అది చదివి ఉబ్బిపోయి, నా హంతకుణ్ణి హైదరాబాదులో రైలెక్కించాను. బెజవాడలో దిగి, పని ముగించి, తిరుగు బండి అందుకోవాలి. కానీ వెళ్లే బండే రాయనపాడు దాటగానే సిగ్నల్ లేక ఆగింది. హంతకుడు కిటికీలోంచి పల్లీలు కొనుక్కుంటూ కూర్చున్నాడు. చావాల్సిన ముసలాయన ఈలోగా వయసు మీద పడి తనంతట తనే పోయేట్టున్నాడు. మన రైళ్లు నమ్ముకుని హత్యలు పెట్టుకోకూడదు.

సెల్‌ఫోను వచ్చాక మాకు ఇంకో దెబ్బ. వెనక టెలిఫోను వైరు కోసేస్తే చాలు, కథ రెండువారాలు నడిచేది. ఇప్పుడు టవర్ లొకేషన్, సందు మొగలో సీసీ కెమెరా. మూడో పేజీకి హంతకుడు దొరికిపోతాడు. అందుకే నా కథలన్నీ 1985లో జరుగుతాయి. అక్కడైతే ఇంకో లాభమూ ఉంది, చట్టం మారలేదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక హత్యానేరం 103 అయింది. 302 ఏమో మతమనోభావాలు గాయపరిచే మాటలకి పోయింది. మా ఇన్‌స్పెక్టరు పాత అలవాటుకొద్దీ "302 కింద లోపలేస్తా" అని గర్జిస్తే, చంపినవాడు నవ్వుకుంటూ ఇంటికెళ్లిపోతాడు. కొత్త చట్టమంతా కలిపి 358 సెక్షన్లే. అంటే మనం తరతరాలుగా తిట్టుకుంటున్న ఫోర్‌ట్వంటీగాడికి ఇప్పుడు చట్టంలో నిలవనీడ లేదు.

ఇన్ని కష్టాలూ పడి, చివరి పేజీదాకా హంతకుణ్ణి దాచి పుస్తకం వేయిస్తాం. అది అద్దె లైబ్రరీకి చేరుతుంది. మొదట తీసుకెళ్లిన పాఠకోత్తముడు మొదటి పేజీ మీదే పెన్సిల్‌తో రాస్తాడు: "ప్లీడరే చంపాడు. టైం వేస్ట్." అయ్యా, అమ్మా, మీకు దండం పెడతాను. రాయడం మానమని మిమ్మల్ని అడిగే ధైర్యం నాకు లేదు. రాస్తే రాయండి గానీ, తప్పు పేరు రాయండి.