మూడు ముళ్ళు

మీ దగ్గర దాపరికం ఎందుకు? ఆ రోజుల్లో నేను మాదాపూర్‌లో ఒక స్టార్టప్‌లో బ్యాక్ ఎండ్ ఇంజినీర్ని. ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే "బ్యాంకింగ్ సిస్టమ్స్ కడతాను" అనేవాణ్ణి. ప్రకాశం బ్యారేజీ కట్టినవాళ్ళు కూడా అంత గంభీరంగా చెప్పుకుని ఉండరు. నిజానికి నా పని ఇంతే: చిల్లర కొట్లవాళ్ళకు క్యూఆర్ కోడ్ మీద పగలంతా పడిన డబ్బును తెల్లారేలోగా వాళ్ళ ఖాతాల్లో వేయించే ప్రోగ్రాం రాయడం. వేసేది బ్యాంకు. వెయ్యమని బ్యాంకుకు చెప్పేది నా ప్రోగ్రాం.

మా మామయ్యగారు ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన ముందు నా గొప్ప ఇంకో రెండు మూరలు పెరిగేది. "మీ కాలంలో లెడ్జర్లు మోశారు గానీ మామయ్యగారూ, ఇప్పుడంతా మిల్లీసెకన్లే" అన్నానొకసారి. ఆయన పకోడీ నములుతూ "ఓహో" అన్నారు. ఆ ఓహోని నేను మెప్పు కింద జమ వేసుకున్నాను.

ఒక్కోసారి బ్యాంకు సర్వరు ఉలకదు, పలకదు. నా ప్రోగ్రాం 5 సెకన్లు చూసి మళ్ళీ అడిగేది. అడిగినప్పుడల్లా బ్యాంకు "డూప్లికేట్ రిఫరెన్స్ నంబర్" అని తిప్పికొట్టేది. నాకు ఒళ్ళు మండేది. పాతకాలపు బ్యాంకు, దానికేం తెలుసు అనుకుని, అడిగిన ప్రతిసారీ కొత్త నంబరు పుట్టించేలా నాలుగు లైన్లు రాసి పారేశాను. ఆ గొడవ వదిలింది. మేనేజరు భుజం తట్టాడు. గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, గంట అదేపనిగా మోగుతోందని గంట వైరే పీకెయ్యనివాళ్ళు మనలో ఎవరున్నారు?

ఆ నాలుగు లైన్లనూ శుక్రవారం సాయంత్రం లైవ్‌లో పెట్టి, మరదలి పెళ్ళికని తెనాలి బస్సెక్కాను. శుక్రవారం సాయంత్రం కొత్త కోడు పెట్టకూడదని మా వృత్తిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. కానీ పెద్దల్లుణ్ణి కదా, పెళ్ళిలో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటే ఏం మర్యాద?

ముహూర్తం తెల్లవారుజామున నాలుగు దాటాక. జీలకర్రా బెల్లం అయింది. నడుము దగ్గర ఫోన్ వణికింది. మంగళసూత్రం పళ్ళెం అందరిచేతా ముట్టిస్తూ తిప్పుతున్నారు. మళ్ళీ వణికింది. తీసి చూస్తే ఆఫీసు నుంచి పందొమ్మిది మిస్డ్ కాల్స్.

ఆ రాత్రి బ్యాంకు సర్వరు నిద్రమత్తులో ఉంది. డబ్బు పంపుతోంది, పంపానని మాత్రం చెప్పడం లేదు. నా ప్రోగ్రాం 5 సెకన్లు చూసి, అయ్యో వెళ్ళలేదు కాబోలని కొత్త నంబరుతో మళ్ళీ పంపింది. జవాబు లేదు. ఇంకోసారి పంపింది. డబ్బు వెళ్ళేది ఐఎంపీఎస్ దారిలో. 2010లో వచ్చిన ఆ పద్ధతికి రాత్రీ పగలూ లేవు, పండగా పబ్బమూ లేవు. డబ్బు క్షణాల్లో అవతల పడుతుంది, వెనక్కి రమ్మంటే రాదు. ఇక్కడ పెళ్ళికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు, అక్కడ నా కొట్లవాళ్ళకు మూడో విడత మొదలైంది, నేను అక్షింతలు గుప్పిట్లో ఉండగానే పంచె ఎగ్గట్టి పరుగెత్తి, సిగ్నల్ కోసం మండపం పక్కనున్న ఇటుకల కుప్పెక్కి, గొంతు చించుకుని "ఆపండి! వెంటనే ఆపండి!" అని ఫోన్లో అరిచాను. మేళం ఆగిపోయింది.

సరిగ్గా తాళి కట్టే వేళకు ఆపండని అరిచినవాణ్ణి సినిమాల్లో చూశారు గానీ, వాడు ఆ ఇంటి పెద్దల్లుడే కావడం తెనాలి అదే మొదటిసారి చూసి ఉంటుంది. మా ఆవిడ చూసిన చూపు నేను రాయలేను. ఆ తర్వాత మూడు ముళ్ళూ క్షేమంగానే పడ్డాయి. నలభై ఒక్క కొట్లకు మూడేసి చెల్లింపులు కూడా.

డబ్బు కట్టయి అవతల చేరకపోతే, గడువు దాటాక రోజుకు 100 రూపాయల చొప్పున కస్టమరుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో సర్క్యులర్ ఇచ్చింది. మూడుసార్లు పంపినవాడికి అందులో ఏ ఊరటా దొరకలేదు. ఇక మిగిలింది ఫోన్ చేసి బతిమాలుకోవడం. మలక్‌పేటలో కూరగాయలమ్మే ఆవిడ "దేవుడిచ్చిండనుకున్న సారూ, చిట్టీ కట్టేసిన" అంది. దేవుణ్ణి నేనేనని ఎలా చెప్పను?

మధ్యాహ్నం భోజనాల దగ్గర మామయ్యగారు నా పక్క విస్తరి ముందు కూర్చున్నారు. అంతా విన్నారు. "మా రోజుల్లో చెక్కు తీసుకుని ఇత్తడి టోకెన్ ఇచ్చేవాళ్ళం అల్లుడుగారూ. టోకెన్ చేతికొచ్చాకే డబ్బు. ఆలస్యమైందని ఎవరికీ రెండో టోకెన్ ఇవ్వలేదు" అన్నారు. గోంగూర కలుపుకుంటూ ఇంకో మాటా అన్నారు: "పలకలేదంటే ఇవ్వలేదని కాదు. ఇచ్చారో లేదో తెలియదని. ముందు కనుక్కోవాలి."

ఆ టోకెన్ పద్ధతినే మావాళ్ళు ఐడెంపొటెన్సీ అంటారు. ఒకే చీటీ ఎన్నిసార్లు చూపించినా డబ్బు ఒక్కసారే. ఇంటర్వ్యూల్లో ఆ మాట నోరు తిరగక తడబడిన కుర్రాళ్ళను చూసి నవ్వుకున్న ఘనుణ్ణి నేను. బ్యాంకు తిప్పికొట్టిన ఆ పాత నంబరే నా ఇత్తడి టోకెన్. దాన్ని నేనే చేజేతులా కరిగించాను.

నలభై మంది తిరిగిచ్చారు. ఒక్కాయన దగ్గర 1,840 రూపాయలు ఇంకా రావాలి. ఫోన్ మోగుతుంది, ఎత్తడు. ఎత్తలేదు కాబట్టి ఇవ్వడని నేను అనుకోవడం లేదు. పెండింగ్ అని రాసుకున్నాను.