భాషలెక్కువైన పిల్లలకు సర్కారీ చికిత్స

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా పిల్లల్లో ఓ లోపముంది. బడిలో చేరకముందే వాళ్లకు మూడు నాలుగు భాషలు వచ్చేస్తున్నాయి. ఫీజు కట్టకుండా, టైమ్‌టేబుల్ లేకుండా, ఏ మంత్రిగారి అనుమతీ అడక్కుండా.

బల్లార్‌పూర్ వైపు గని కార్మికుల క్వార్టర్లలో ఐదేళ్ల పిల్లను కాసేపు గమనించండి. అమ్మతో తెలుగు. పక్కింటి ఆజీతో మరాఠీ. సమోసాల బండి దగ్గర హిందీ. కొట్లాట మాత్రం ఎవరితో వస్తే వాళ్ల భాషలోనే, తిట్టు తగలాలంటే అవతలివాడికి అర్థం కావాలి కదా. ‘కొత్తిమీర కట్ట ఎంతకిస్తడో అడిగిరా పో బిడ్డా’ అని తల్లి పంపిస్తే తెలుగులో విని, మరాఠీలో బేరమాడి, చిల్లర తక్కువైందని హిందీలో నిలదీసి మరీ వస్తుంది. తానేదో ఘనకార్యం చేసినట్టు ఆ పిల్లకు తెలియదు. తెలియనివ్వకుండా చూసుకోవడానికే మనం బడులు పెట్టుకున్నాం.

చికిత్స నర్సరీలో మొదలవుతుంది. ఏ నర్సరీ అని అడక్కండి, అన్నీ ఒకటే. గోడ మీద ఇంద్రధనుస్సు బొమ్మ, దాని పక్కన బహుభాషా నైపుణ్యం నేర్పుతామంటూ బ్యానరు. అడ్మిషన్ రోజు మేడమ్ మామిడిపండు బొమ్మ చూపించి ఇదేంటని ఇంగ్లిషులో అడుగుతుంది. పిల్ల ‘ఆంబా’ అంటుంది. మేడమ్ ముఖంలో మార్పు ఉండదు. పాపం ఈవిడకు మరాఠీ రాదేమోనని జాలిపడి ‘ఆమ్’ అంటుంది. అదీ పని చేయకపోతే చివరికి ‘మామిడిపండు’ అని నోరు తెరిచి నవ్వుతుంది. మేడమ్ పెన్ను మూసి, తండ్రి వైపు తిరిగి, పిల్ల కన్ఫ్యూజన్‌లో ఉంది, ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడండి అని చీటీ రాస్తుంది. మూడు భాషల్లో సరైన జవాబు చెప్పిన పిల్లకు అయోమయమని తేల్చిన మేధావికి వచ్చిన భాషలు ఒకటిన్నర. ఆ అర కూడా యాన్యువల్ డే స్పీచ్ వరకే. తండ్రి మాత్రం తలూపి, ఏడాది ఫీజు కట్టి, ఆ రాత్రి నుంచి భార్యతో కూడా ‘కమ్’, ‘ఈట్’, ‘స్లీప్’ అనే మూడు ముక్కల్లో సంసారం సాగిస్తాడు.

రెండు భాషలు కలిస్తే పిల్ల బుర్ర చెడిపోతుందనేది వందేళ్ల కిందటి పండితుల భయం. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు పదేళ్ల పిల్లలకు పరీక్షలు పెట్టి, ఒక భాషే వచ్చిన వాళ్లకంటే రెండు భాషలు బాగా వచ్చిన పిల్లలే ముందున్నారని చూపించారు. తర్వాత వచ్చిన కొన్ని పరిశోధనలు అంత తేడా లేదన్నాయి, నిజమే. తేడా ఉందన్నవాళ్లూ లేదన్నవాళ్లూ ఇవాళ ఆ పాత భయాన్ని మాత్రం మోయడం లేదు. ఆ బరువు మన నర్సరీలకు వదిలేశారు.

విదేశీ మాట రుచించకపోతే హైదరాబాద్ మాట వినండి. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చిన వాళ్లకంటే రెండు, అంతకు మించి భాషలు వచ్చినవాళ్లలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అసలు చదువే రానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. అంటే బడి గడప తొక్కని ముసలమ్మకు కూడా ఆ లాభం దక్కింది. తొక్కి ఉంటే దక్కేదో లేదో పూచీ ఇవ్వలేం.

ఇక ముంబై ప్రభువుల వైద్యం. 2025 ఏప్రిల్ 16న ఒకటో తరగతి నుంచే హిందీ మూడో భాషగా తప్పనిసరి అని ఉత్తర్వు వచ్చింది. గొడవ కాగానే జూన్ 17న సవరించారు: హిందీయే ఉంటుంది, వేరే భారతీయ భాష కావాలంటే తరగతిలో కనీసం ఇరవై మంది అడగాలి. చంద్రపూర్ జిల్లాలోని జివతి కొండల్లో బడి మొత్తాన్ని, వంటమనిషితో సహా, వరసలో నిలబెట్టినా ఇరవై తేలని ఊళ్లుంటే అది ఆ ఊళ్ల ఖర్మ. జూన్ 29న రెండు ఉత్తర్వులూ రద్దు చేసి, నరేంద్ర జాధవ్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ రద్దును గెలుపుగా జరుపుకోవడానికి జూలై 5న వర్లీలో ఠాక్రే సోదరులు దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఒకే వేదికెక్కి కౌగిలించుకున్నారు. ఆరేళ్ల పిల్లల మూడో భాష మొత్తానికి విడిపోయిన అన్నదమ్ములను కలిపింది. బాల్యంలో భాషాబోధన వల్ల లాభాలేమిటని ఎవరైనా అడిగితే, నిరూపణ అయిన లాభం ఇదొక్కటుంది.

అయితే భాషా ప్రేమ పొంగి పొర్లడం చూడాలంటే ముంబై కాదు, సరిహద్దుకు రావాలి. ఇటు చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా, అటు ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం. మధ్యలో పరందోళి, అంతాపూర్, ముకదంగూడ లాంటి పద్నాలుగు ఊళ్లు. రాష్ట్రాల పునర్విభజన నాటి నుంచి ఇవి మావంటే మావని రెండు వైపులా వాదన. జనానికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. 2024లో చంద్రపూర్ లోక్‌సభకు ఏప్రిల్ 19న పోలింగ్, ఆదిలాబాద్‌కు మే 13న. వేలికి సిరా ఆరే వ్యవధి కూడా ఇచ్చారు. ఒక్క మనిషి రెండు భాషల్లో ఓటేస్తే మాత్రం ఏ పార్టీకీ కన్ఫ్యూజన్ లేదు.

బడులూ అంతే. మహారాష్ట్ర మరాఠీ బడి పెడితే తెలంగాణ తెలుగు బడి పెట్టింది. అటు మరాఠీ తప్పనిసరి చేస్తూ 2020 చట్టం, ఇటు తెలుగు తప్పనిసరి చేస్తూ 2018 చట్టం. మరాఠ్వాడా నుంచి వలస వచ్చిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి, లంబాడీలున్నారు, చుట్టుపక్కల గోండులు, కొలాములు ఉన్నారు. అ అంటే అమ్మ అని తెలుగు బడి నేర్పుతుంది, అ అంటే అననస్ అని మరాఠీ బడి నేర్పుతుంది. లంబాడీల గోర్‌బోలిలో ఏడ్చే పిల్లను ఆ భాషలో ఊరుకోబెట్టగల పంతులు కావాలని మాత్రం ఏ ప్రభుత్వమూ కోర్టుకెళ్లలేదు. బడి అక్కడ హద్దురాయి; పిల్ల దానికి కాపలా. ఈ ఊళ్లను పూర్తిగా కలిపేసుకుంటామని 2025 జూలైలో మహారాష్ట్ర ప్రకటించింది. భూమి రికార్డుల సంగతి, ఓటర్ల జాబితా సంగతి అందరూ మాట్లాడారు. ఆ తెలుగు బడిలో మూడో తరగతి సగంలో ఉన్న పిల్ల సంగతి సర్వే నంబరు లేనందువల్ల చర్చకు రాలేదు.

గోండి సంగతి మరీ విడ్డూరం. చంద్రపూర్ గోండు రాజుల రాజధాని. బల్లార్‌పూర్‌కున్న బల్లార్షా అన్న పేరే గోండు రాజుది. వాళ్లు కట్టిన జట్‌పురా దర్వాజా కిందనుంచి పొద్దున్నే స్కూలు బస్సులు హారన్ కొట్టుకుంటూ దూరతాయి, గోండి వినిపించని బడుల వైపు. 2011 లెక్కల్లో గోండి మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు సుమారు 30 లక్షలు, సంస్కృతం చెప్పుకున్నవాళ్లు 25 వేల లోపు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఏది ఉందో, ఏది లేదో చెప్పక్కర్లేదు.

ఇదే కెరమెరి గడ్డ మీద, జోడేఘాట్‌లో, 1940లో గోండు నాయకుడు కుమురం భీమును చంపిన నిజాం సర్కారు, ఆ తర్వాత దడుచుకునో బుద్ధొచ్చో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పిలిపించింది. ఆయన మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ పెట్టించి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వేయించాడు. రాజ్యం ఉర్దూది, లిపి మరాఠీవాళ్లది, భాష పిల్లలది. ఎన్నికలు లేని ఆ ఫ్యూడల్ పాలనలో ఈ మాత్రం జరిగింది.

ప్రజాస్వామ్యంలో ఏం జరిగిందంటే, 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయిన గడ్చిరోలి జిల్లాలో మోహ్‌గావ్ గ్రామసభ 2019లో సొంతంగా గోండి మాధ్యమంలో బడి పెట్టుకుంది. బోధన సాధ్యమైనంత వరకు మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. విద్యాశాఖ అదే చట్టం పట్టుకొచ్చి, ఇది అనుమతి లేని బడి అని నోటీసిచ్చింది. అటు, ఆ హద్దు తెగని ఊళ్లలో, పిల్ల భాష రాని బడులకు రెండు రాష్ట్రాల అనుమతులున్నాయి.