పెళ్లి చేసి చూడు, ఐ-130 నింపి చూడు

అనంతగిరి మండలంలో మీ అమ్మాయికి అమెరికా సంబంధం కుదిరితే వెంటనే పంతులుగారి దగ్గరికి పరుగెత్తకండి. ముందు బీరువా తీసి పదో తరగతి మెమో చూడండి. జాతకాలు కలవకపోతే శాంతి చేయించుకోవచ్చు. మెమోలో పేరూ పాస్‌పోర్టులో పేరూ కలవకపోతే మాత్రం, స్టాంపు పేపరు మీద ‘ఆమే ఈమె, ఈమే ఆమె’ అని నోటరీ చేయించుకుని తిరగడమే. బళ్లో వేసిన రోజు సారుకు ఓపికుంటే లక్ష్మిని కె, ఎస్, హెచ్‌లతో రాశాడు, లేకుంటే ఎక్స్‌తో కానిచ్చేశాడు. ఆధార్ తీసిన కుర్రాడిది ఇంకా తొందర. ఇంటిపేరు మెమోలో ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఆసాంతం, ఓటరు కార్డులో అసలు లేనే లేదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరూ అసలు పేరూ విడివిడిగా లేకుండా ఒకే గడిలో ఉంటే మరీ మేలు. అమెరికా వీసా మీద పేరంతా ఇంటిపేరు కింద పడి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని వస్తుంది. పేరు తెలియదని దానర్థం. ఇరవై ఒకటో రోజున ఊరందరికీ భోజనాలు పెట్టి పెట్టిన పేరు. రేపు అక్కడి డాక్టరు దగ్గర ‘ఫ్నూ’ అని పిలిస్తే పలకాలి కాబట్టి ఇప్పటినుంచే ఇంట్లో అలవాటు చేయండి.

ఇక పుట్టిన ఊరు. ఈ విషయంలో మన ప్రాంతం వాళ్లకు దక్కిన భాగ్యం వేరేవాళ్లకు దక్కలేదు. 1998 మొదట్లో మీ అమ్మాయి పుట్టింది ఆంధ్రప్రదేశ్‌లో, నల్లగొండ జిల్లాలో, కోదాడ మండలంలో. 2014 జూన్ 2న ఆమె తెలంగాణ మనిషైంది. 2016 దసరాకి జిల్లా సూర్యాపేట, మండలం అనంతగిరి అయ్యాయి. ఇల్లు అదే, వాకిట్లో వేపచెట్టు అదే. వీసాకు నింపే డీఎస్-260 ఫారం మాత్రం పదహారేళ్లు వచ్చినప్పటినుంచి ఎక్కడెక్కడ ఉన్నావో వరసగా చెప్పమంటుంది. గడప దాటని పిల్ల రెండు రాష్ట్రాల్లో, రెండు జిల్లాల్లో కాపురమున్నట్టు తేలుతుంది. అక్కడి ఆఫీసరు అనుమానమొచ్చి మ్యాపులో అనంతగిరి అని కొడితే ముందు వికారాబాద్ కొండలు, తర్వాత అరకు దారిలో కాఫీ తోటలు కనిపిస్తాయి. సాగర్ ఎడమ కాల్వ కింద వరి పండే అనంతగిరి ఇంకోటుందని ఆయనకు చెప్పే బాధ్యత మీదే. ఇంగ్లీషులో టీ పక్కన హెచ్ ఉండాలో వద్దో మన బోర్డులకే తెలియదు. అన్ని కాగితాల్లో ఒకే రకంగా ఉంటే చాలు, తప్పైనా ఫరవాలేదు.

సంబంధం ఎలాంటిదో తేల్చుకునే దగ్గర మనవాళ్లు బోర్లా పడుతుంటారు. ‘మావాడికి గ్రీన్ కార్డ్ వచ్చేసింది బావగారూ’ అనగానే కట్నం అంకె పక్కన ఇంకో సున్నా చేరుతుంది. ఆగండి. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్న కుర్రాణ్ణి చేసుకున్న పిల్ల హైదరాబాద్‌లోనే ఇంటర్వ్యూకు పోయి, భార్యలకిచ్చే హెచ్-4 వీసా మీద మొగుడి దగ్గరికి వెళ్లిపోతుంది. గ్రీన్ కార్డ్ కుర్రాణ్ణి చేసుకున్న పిల్ల, మొగుడు ఐ-130 అనే అర్జీ వేశాక, ఎఫ్2ఏ అనే వరసలో నిలబడాలి. ఏళ్లు పట్టొచ్చు. ఈలోపు టూరిస్టు వీసా అడిగితే, మొగుడు అక్కడుంటే నువ్వు వెనక్కొస్తావా అని నవ్వి పంపిస్తారు. అంటే కార్డు లేనివాడి పెళ్లాం అమెరికాలో, ఉన్నవాడి పెళ్లాం కోదాడలో. కార్డు రాబోతున్న పెళ్లికొడుకు దొరికితే అది చేతికి రాకముందే మూడు ముళ్లు వేయించండి. ఒక్కరోజు ముందైనా చాలు, అతని వెనకే పిల్లకూ దారి ఉంటుంది. పౌరసత్వమే ఉన్నవాడైతే కోటా వరస లేదు, కాగితాల వరస మాత్రం అందరికీ ఒకటే.

హెచ్-1బీ అల్లుడి సొంత గ్రీన్ కార్డ్ సంగతి ఎత్తొద్దు. ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా ఏడాదికి ఏడు శాతానికి మించి ఇవ్వరు. ఇండియాలో పుట్టి ఉద్యోగాల కోటాలోని ఈబీ-2లో 2013లో దరఖాస్తు పడ్డవాళ్ల వంతు 2025 చివర్లో నడిచింది. కానీ ఇందులో ఒక కిటుకుంది, మన పెళ్లిళ్ల పేరయ్యలు ఇంకా పట్టుకోలేదు. భార్య వేరే దేశంలో పుట్టి ఉంటే భర్త కూడా ఆ దేశపు వరసలోకి మారొచ్చు. కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టిన తెలుగు పిల్ల దొరికితే పన్నెండేళ్ల క్యూ ఒక్క తాళితో దాటెయ్యొచ్చు. కాబట్టి ఇక మీదట బయోడేటాలో నక్షత్రం తీసేసి కాన్పు జరిగిన ఆసుపత్రి ఏ దేశంలోదో రాయండి. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ కూడా పురిటికి పుట్టింటికి పంపాల్సిందేనని పట్టుబట్టిన అమ్మమ్మలు ఎంతమంది అల్లుళ్ల గ్రీన్ కార్డులు మింగేశారో లెక్క తీస్తే పరువు నష్టమవుతుంది.

మేనరికమైతే పిల్ల దిగబోయే రాష్ట్రం ఏదో అడగండి. టెక్సస్‌లో మేనబావా మరదళ్లకు పెళ్లి లైసెన్సే ఇవ్వరు. డాలస్‌లో సగం కోదాడ ఉన్నా సరే. ఒక వకీలుకు డబ్బులు కట్టి మాట్లాడుకోండి, ఇది వేళాకోళం కాదు.

ముహూర్తం గురించి ఎక్కువ ఆలోచించకండి. అబ్బాయికి సెలవులు క్రిస్మస్‌కే దొరుకుతాయి, అప్పటికి ధనుర్మాసం వచ్చి కూర్చుని ఉంటుంది. పంతులుగారిని రెండుసార్లు బతిమాలితే డిసెంబరు పదమూడో పద్నాలుగో తెల్లవారుజామున ఒక లగ్నం బయటికొస్తుంది. పెళ్లైన మర్నాడు వ్రతం కాదు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. ఆరు వందల మంది అక్షింతలు వేశారుగా అనకండి. అమెరికాకు ఆ ఆరు వందల మందీ లెక్క కాదు, సాక్షి సంతకం పెట్టిన చిన్నమామే లెక్క. ఆయన ఆ రోజు సంతకంలో ఇనిషియల్ మర్చిపోకుండా చూసుకోండి.

పుట్టిన సర్టిఫికెట్టు మీసేవలో దొరకకపోతే దొరకలేదనే సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. లేని కాగితం లేదని చెప్పే కాగితం కూడా ఎక్కడా తేలిగ్గా దొరకదు. దానికి తోడు ‘మా కళ్లముందే పుట్టింది’ అని తల్లిదండ్రుల అఫిడవిట్లు. తల్లి కళ్లముందే పుట్టిందని తల్లి చేత రాయించడానికి నోటరీకి డబ్బు కట్టడం మనకు కొంచెం వింతగా ఉంటుంది, కట్టండి.

ఇప్పుడు అసలు పరీక్ష, ఈ పెళ్లి నిజమైనదేనని నిరూపించడం. పెళ్లి పేరుతో మోసాలు జరుగుతున్నాయని అమెరికా 1986లోనే చట్టం చేసింది, అప్పటినుంచి దాని కంటికి పెళ్లికొడుకులందరూ ఒకేలా కనిపిస్తున్నారు. ప్రేమించి చేసుకున్నారంటే ఊళ్లో ముఖాలు మాడతాయి, పెద్దలు కుదిర్చారంటే అక్కడ కనుబొమ్మలు లేస్తాయి. వీడియో కాల్‌లో పెళ్లిచూపులు, పది రోజుల్లో లగ్నం, పద్నాలుగో రోజు విమానం. ఇది చదివిన ఆఫీసరు అనుమానపడకపోతే అతన్నే అనుమానించాలి.

సాక్ష్యంగా ఆల్బం పంపమంటారు. నలభై పేజీల ఆల్బం, పళ్లెం కంటే బరువు. విప్పి చూడండి. జీలకర్ర బెల్లం దగ్గర తెర అడ్డం. తాళి కడుతున్న ఫొటోలో పెళ్లికొడుకు వీపు, వీడియో లైటు పట్టుకున్న కుర్రాడి మోచెయ్యి, గాల్లో అక్షింతలు. బంతి భోజనాల ఫొటోలు మాత్రం ఎనభై, ఒక్కొక్కటీ స్పష్టంగా, నోట్లో ముద్దతో సహా. జంట ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నది ఒకే ఒక్కటి, అదీ ఫొటోగ్రాఫరు ‘అన్నా, వదిన వైపు చూడన్నా’ అని అరిస్తే వచ్చింది. అదే పైన పెట్టండి.

వాట్సాప్ మాటలు కూడా అచ్చు తీసి జత చేయమంటారు. మన దంపతుల ప్రేమ మొత్తం ‘తిన్నవా’, ‘ఆ తిన్న’, ‘ఏం కూర’, ‘బెండకాయ’. ఇంగ్లీషు కాని ప్రతి కాగితానికీ పూర్తి అనువాదం, చేసినవాడి ధ్రువీకరణ సంతకం ఉండాలన్నది రూలు. రెండు వందల పేజీల బెండకాయను ఇంగ్లీషు చేసి, ఇది సమగ్రమూ సరైనదీ అని ప్రమాణం చేయగల డిగ్రీ కుర్రాణ్ణి ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

తర్వాత ఐ-864. పేదరికపు గీతకు నూటపాతిక శాతం ఆదాయం చూపించి, ఈమెను నేను పోషిస్తానని మొగుడు రాసిచ్చేది. ఆదాయం చాలకపోతే ఇంకో బంధువు చేత కూడా రాయించాలి. ఆ మాట ఎత్తగానే చిట్టీకి షూరిటీ అడిగినట్టు డాలస్ బాబాయి ఫోను అవుటాఫ్ కవరేజీలోకి పోతుంది. ఆయన తప్పేం లేదు. విడాకులు తీసుకున్నా ఈ సంతకం రద్దు కాదు. ఆమెకు పౌరసత్వం రావాలి, లేదా పదేళ్లపాటి ఉద్యోగం లెక్కకు రావాలి, లేదా ఆమె దేశమే వదిలిపోవాలి. ఏడడుగులు వేయించిన పంతులుగారు కూడా ఇంత గట్టిగా కట్టలేదు.

ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో కాదు. 2023లో అక్కడ అంత పెద్ద కాన్సులేట్ తెరిచారు కదా అని ఆశపడొద్దు, అది హెచ్-4లకు. ఇమ్మిగ్రెంట్ వీసా మీద పోయే పిల్లలు మామూలుగా ముంబై పోవాలి. సంబంధం ఎవరు తెచ్చారని అడుగుతారు. ‘మా మేనత్త తోడికోడలి తమ్ముడు’ అని నిజం చెప్తే ఇంగ్లీషులో చెప్పేసరికి సాయంత్రమవుతుంది. బంధువు అనండి, సరిపోతుంది.

వీసా పడ్డాక ఒక్కసారి పెళ్లి తేదీ చూడండి. రెండేళ్లు నిండకముందే అక్కడ దిగితే రెండేళ్ల కార్డే ఇస్తారు, గడువు ముగిసే ముందు తొంభై రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేసి, మా పెళ్లి ఇంకా పెళ్లే అని మళ్లీ బెండకాయతో సహా నిరూపించాలి. రెండేళ్లు నిండాక దిగితే ఏకంగా పదేళ్ల కార్డు. అందుకే ఫైలు ఆలస్యమైందని ఏడవకండి. ఇంకో ఇరవై రోజుల్లో రెండేళ్లు నిండుతాయనగా వీసా వస్తే, దాని గడువు చూసుకుని పిల్లను ఇంట్లోనే ఉంచుకోండి. అల్లుడు ఫోన్లో గింజుకుంటే, ఆషాఢం బాబూ, పంపకూడదు అని చెప్పండి. కార్తీకంలో ఉన్నా సరే, అమెరికాలో ఉన్నవాడు పంచాంగం చూడడు.