ముందు కడ్డీ కదిపి చూడవయ్యా!

మా రోజుల్లో బండి పాడైతే ముందు చేతులు నల్లబడేవి, ఆ తర్వాతే బిల్లు పుట్టేది. ఇప్పుడు బిల్లే ముందు పుడుతోంది. బండి షెడ్డులోకి రాగానే కుర్రాడు బానెట్ ఎత్తడు. స్టీరింగు కిందున్న సాకెట్లో స్కానర్ గుచ్చుతాడు. తెర మీద ఓ నంబరు పడుతుంది. ఆ నంబరు పట్టుకుని స్పేర్ పార్టుల కొట్టుకి ఫోన్ కొడతాడు. ఈ తతంగంలో ఇంజిన్ మొహం చూసినవాడు ఒక్కడూ ఉండడు. దీన్ని రిపేరు అంటున్నారు!

ఈమధ్య నా గొడవంతా టర్బోల మీద. డీజిల్ కారు పుల్లింగ్ తగ్గిందంటే చాలు, "టర్బో పోయింది సార్, మొత్తం మార్చాల్సిందే" అనేస్తున్నారు. నిజంగా పోయేవీ ఉంటాయి, కాదనను. కానీ టర్బో నిక్షేపంగా ఉండి, దాన్ని ఆడించే కడ్డీ దగ్గర లివరు మసి పట్టి బిగుసుకుపోయిన బండ్లు కూడా అదే ఖాతాలో పడిపోతున్నాయి. గోటితో పోయేదానికి గొడ్డలి తెస్తే కడుపు మండదూ?

మా మేనల్లుడి సంగతే చూడండి. పిల్లల్ని తీసుకుని శ్రీశైలం బయల్దేరాడు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే బండి ఉన్నట్టుండి నీరసపడింది. ఎంత తొక్కినా లాగదు, ఇంజిన్ లైటు వెలిగింది. పక్కన ఆపి, తాళం తీసి మళ్లీ వేస్తే బుద్ధిగా లాగింది. నాలుగు మలుపులు తిరిగేసరికి మళ్లీ అదే పాట. ఊరికొచ్చాక ఓ పెద్ద సర్వీస్ సెంటర్లో చూపిస్తే లక్ష దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. పేరెందుకు లెండి, ఏ ఊళ్లో చూసినా అదే వరస.

"మావయ్యా, పి0234 అని కోడ్ వచ్చిందట. ఓవర్ బూస్ట్ అట. టర్బో మార్చాలంటున్నారు" అన్నాడు.

"కడ్డీ కదిపి చూశారా?" అన్నాను.

"ఏ కడ్డీ?"

వాడు బ్యాంకు ఉద్యోగి, వాడికి తెలియకపోతే తప్పు లేదు. ఫోన్ చేసి అడిగితే ఎస్టిమేట్ రాసినాయన కూడా "ఏ కడ్డీ సార్?" అన్నాడు. అప్పుడు మండింది ఒళ్లు.

మేం పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్లో. ఒక షెడ్డులో లేతు, పక్క షెడ్డులో కమాన్ కట్టలు, ఎదురుగా పంపు పని, సందు చివర లారీ బాడీలు కట్టేవాళ్లు. ఎవడి పని వాడిదే, కానీ అందరిదీ ఒకటే పద్ధతి: మేస్త్రి ముందు వింటాడు, తర్వాత తాకుతాడు, ఆఖర్న విప్పుతాడు. అంబాసిడర్ డీజిల్లో ఒక సిలిండర్ కొట్టడం లేదని అనుమానం వస్తే, ఇంజిన్ ఐడిల్లో ఉండగానే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసేవాళ్లం. నట్టు వదలగానే ఇంజిన్ శబ్దం మారాలి. దేనికి మారలేదో దొంగ అక్కడున్నట్టే. ఒక్క పానాతో తేలిపోయే వ్యవహారం. ఇవాళ్టి కామన్ రైల్ బండి మీద మాత్రం ఆ పని చేయబోకండి. ఐడిల్లోనే వందల బార్ల ఒత్తిడి, గట్టిగా తొక్కితే పదహారు వందల దాకా పోతుంది. ఆ జోరుకు చిమ్మిన డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది.

అప్పటి కార్లకు టర్బో గొడవే లేదు. గాలి దానంతటది లోపలికి పోయేది, మికో పంపు డీజిల్ కొట్టేది, బండి మూలుగుతూ ఎక్కేది. 1998లో వచ్చిన ఇండికా డీజిల్ కూడా మొదట్లో టర్బో లేనిదే. 2007లో స్విఫ్ట్‌కి డీజిల్ వచ్చాక ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల ఇంజిన్ ఇంటింటికీ చేరింది. అదే ఇంజిన్‌కి మామూలు టర్బో పెడితే 75 హార్స్‌పవర్, రెక్కలు కదిలే టర్బో పెడితే 90. మాంజాలో, లీనియాలో, ఎర్టిగాలో పెట్టింది ఈ రెండోదే. ఆ పదిహేను హార్స్‌పవర్ల కోసమే మనం కడ్డీని కొని తెచ్చుకున్నాం.

టర్బో అంటే ఇంజిన్ వదిలే వేడి పొగతో తిరిగే చక్రం. చిన్న కార్లలో అది నిమిషానికి రెండు లక్షల చుట్లు కూడా తిరుగుతుంది. రెండో వైపున్న చక్రం గాలిని ఒత్తి ఇంజిన్లోకి తోస్తుంది. పొగ వైపు చక్రం చుట్టూ చిన్న చిన్న రెక్కలు వరసగా అమర్చి ఉంటాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు రెక్కలు దగ్గరకు ముడుచుకుంటాయి. సందు ఇరుకైతే పొగ జోరు పెరుగుతుంది, చక్రం చురుగ్గా తిరుగుతుంది. ఇంజిన్ వేగం అందుకున్నాక రెక్కలు తెరుచుకోవాలి, లేకపోతే గాలి అతిగా వచ్చిపడుతుంది. వీటన్నిటినీ ఒక్కసారిగా తిప్పేది బయటున్న లివరు. లివరుని లాగేది కడ్డీ. కడ్డీని లాగేది బోర్లించిన సాసర్ లాంటి రేకు డబ్బా, లోపల రబ్బరు డయాఫ్రం. వాక్యూమ్ అందితే లాగుతుంది, ఆగితే స్ప్రింగు వెనక్కి తోస్తుంది. దీన్నే యాక్చుయేటర్ అంటారు.

మరి బిగుసుకోవడం ఎందుకంటారా? డీజిల్ పొగలో మసి ఎప్పుడూ ఉండేదే. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గాలని ఇప్పుడు కొంత పొగను వెనక్కి మళ్లించి ఇంజిన్‌కే తాగిస్తున్నారు, దాంతో మసి ఇంకాస్త పెరుగుతుంది. ఊరి గాలి బాగుపడాలంటే తప్పదు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా నడిపేవాళ్ల మీద. డీజిల్ కారు కొంటారు, దాన్లో రైతుబజారుకెళ్లి కూరగాయలు తెస్తారు. ఇంజిన్ వేడెక్కేలోపే ఇల్లొస్తుంది. హైవే ఎక్కినా, మైలేజీ మైలేజీ అని నలభైలోనే టాప్ గేర్ వేసి ఈడుస్తారు. రెక్కలు ఆ కొస నుంచి ఈ కొస దాకా కదిలే సందర్భమే రాదు. పండక్కి పండక్కి తీసే అటక గడియ లాగా, కదిలినంత మేర నున్నగా, కదలని చోట మసి పేరుకుని ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద నిండు బరువుతో తొక్కిన రోజున రెక్కలు తెరుచుకోవాలి, తెరుచుకోవు. గాలి ఒత్తిడి హద్దు మీరుతుంది, కంప్యూటర్ భయపడి ఇంజిన్ గొంతు నొక్కేస్తుంది. మా వాడికి జరిగిందదే. అదే రెక్కలు తెరుచుకున్న చోట బిగుసుకుంటే కథ తిరగబడుతుంది: కింది వేగాల్లో పుల్లింగ్ ఉండదు, నల్లపొగ వస్తుంది, కోడ్ పి0299 అంటుంది.

ఆ కోడ్ చెప్పేది జబ్బు పేరు కాదు, బాధ మాత్రమే. గాలి ఎక్కువైందనో తక్కువైందనో చెబుతుంది. దానికి వాక్యూమ్ గొట్టం పగిలి ఉండొచ్చు, సోలెనాయిడ్ వాల్వు చెడి ఉండొచ్చు, డయాఫ్రం చిల్లు పడి ఉండొచ్చు, లివరు పట్టేసి ఉండొచ్చు, ఆఖరికి టర్బోనే పోయి ఉండొచ్చు. ఖర్చు తక్కువదాని నుంచి మొదలుపెట్టి పైకెళ్లడం మా పద్ధతి. పై నుంచి మొదలుపెట్టి అక్కడే ఆగిపోవడం ఇప్పటి పద్ధతి.

బండిని మా షెడ్డుకి తెప్పించాను. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే పట్టుకున్నాం, వేడి మీద టర్బో జోలికి వెళ్తే బొబ్బలే. సర్‌క్లిప్ తీసి కడ్డీని లివరు నుంచి విడదీశాం. అలా విడదీస్తేనే లోపం డబ్బాదా, లివరుదా తేలుతుంది. డబ్బాకి చేతి పంపుతో వాక్యూమ్ పెడితే కడ్డీ ఒక్క ఊపున లోపలికి పోయింది, మీటరు ముల్లు కదలకుండా నిలబడింది. డయాఫ్రం బాగున్నట్టే. లివరుని వేళ్లతో తిప్పితే సగం దాకా వచ్చి, ఇసుకలో పడ్డట్టు గరగరమని ఆగింది. దొంగ దొరికాడు.

లివరు ఇరుసు మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నాననిచ్చాం. తర్వాత అటూ ఇటూ, బలం పెట్టకుండా. మొండికేసిందని కటింగ్ ప్లేయరుతో గుంజితే లోపల రెక్క విరుగుతుంది, అప్పుడు లక్ష బిల్లు నిజమైపోతుంది. కాసేపటికి ఇరుసు పక్కనుంచి కాటుక రంగు నీరు కారింది. కారిన కొద్దీ లివరు దారి పెరిగింది. మధ్యాహ్నానికి ఆ కొసన టక్, ఈ కొసన టక్ అంటూ ఆడింది. ఆఖర్న ఇరుసుకీ, కడ్డీ పిన్నుకీ వేడి తట్టుకునే నికెల్ పేస్టు కొంచెం రాశాం. మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ అక్కడ పనికిరావు. ఆ వేడికి మాడి బొగ్గవుతాయి, ముందుకంటే గట్టిగా పట్టేస్తాయి. నానబెట్టిన స్ప్రే కూడా ఎండిపోయేదే, అది వదిలించడానికే తప్ప నిలవడానికి కాదు. కడ్డీ పొడవు నట్టు, లివరు ఆపే స్క్రూ మాత్రం ముట్టుకోలేదు. అవి ఫ్యాక్టరీలో కొలిచి బిగించినవి.

లోపలి మసికి మందు రోడ్డు మీదే ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక హైదరాబాద్ రోడ్డెక్కి మూడో గేరులో మూడు వేల ఆర్‌పీఎం దగ్గర పావుగంట నడిపాం. వెనక నల్లగా కక్కి, తర్వాత తేటపడింది. స్కానర్లో కోడ్ చెరిపేశాం, మళ్లీ రాలేదు.

అవును, స్కానర్లోనే. అదంటే నాకు పగ లేదు. కంప్యూటర్ ఎంత గాలి అడిగిందో, ఎంత అందిందో పక్కపక్కన చూపిస్తుంది. మా చెవులకు ఆ లెక్క ఏనాడూ అందలేదు. ఇప్పుడు మోటారుతో ఆడే యాక్చుయేటర్లున్నాయి, అది మారిస్తే స్కానర్‌తో సెట్టింగ్ చేయకుండా బండి కదలదు. మా కాలమేదో బంగారమనీ అనను. పలక పట్టాల్సిన వయసులో పానా పట్టాం, తప్పు చేస్తే మేస్త్రి చెంప పగలగొట్టేవాడు. ఇవాళ్టి కుర్రాళ్లకి ఆ బాధ లేదు, సంతోషం.

అయినా గొణుగుడు మానలేను. ఎందుకంటే తప్పు కుర్రాళ్లదొక్కటే కాదు. సామాను బిల్లు లక్ష అంటే సీలు తీయని డబ్బా చూసి కిక్కురుమనకుండా కడతారు. సామాను ఏమీ పడలేదు, విప్పి శుభ్రం చేశాం, లేబరు రెండు వేలంటే, "ఏం మార్చావని అంత?" అని బేరాలాడతారు. మా మేనల్లుడే ఆ మాట అనబోయి నా మొహం చూసి ఆగాడు. మార్చినదానికే డబ్బు రాలే లోకంలో, చూసి బాగుచేసే చెయ్యి ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏ షెడ్డు ఓనరైనా పొద్దంతా లివరు నానబెట్టుకు కూర్చుంటాడా, టర్బో అమ్ముకుంటాడా?

కాబట్టి, బాబులూ, మీ మెకానిక్ విప్పి చూస్తే ఆ కూలి ఇవ్వండి. మార్చక్కర్లేదని చెప్పి పంపితే ఇంకాస్త ఎక్కువివ్వండి.