పచ్చ గీత

నేను సీఆర్‌ఓని, అంటే కేథోడ్ రే ఆసిలోస్కోప్‌ని. ఇంజనీరింగ్ కాలేజీ కమ్యూనికేషన్ ల్యాబ్‌లో మూడో బల్ల నాది. 1897లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన కేథోడ్ రే ట్యూబు మా వంశానికి మూలం. వైర్‌లెస్ టెలిగ్రఫీలో కృషికి 1909లో మార్కోనీతో కలిసి నోబెల్ అందుకున్నదీ ఆయనే. తరంగాన్ని పంపే విద్య, దాన్ని కళ్లకు చూపే విద్య ఒకే మనిషికి అబ్బాయని నాకెంతో గర్వం.

నా తెర మీద అడ్డంగా పది గళ్లు, నిలువుగా ఎనిమిది. ఏఎం (యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్) ప్రయోగం రోజున గీత నిలవక పరుగెడుతుంటే, "ట్రిగ్గర్ లెవెల్ తిప్పవే!" అంటుంది పక్కనున్న పిల్ల. నాబ్ కాస్త తిప్పగానే తరంగం ఠక్కున నిలబడుతుంది. ఎత్తైన చోట ఆరు గళ్లు, సన్నబడ్డ చోట రెండు. తేడాను మొత్తంతో భాగిస్తే మాడ్యులేషన్ ఇండెక్స్ 0.5. మెసేజ్ ఇంకా పెంచి ఒకటి దాటించారా, డయోడ్ డిటెక్టర్‌లోంచి వచ్చే గొంతు పాడైపోతుంది. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద వార్తలు వినిపించింది ఈ ఏఎం పద్ధతిలోనే. ఇంతటి విషయం కళ్లెదుట కదులుతుంటే, సీనియర్ల రికార్డు ముందేసుకుని రీడింగులు ఎక్కించేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది శాంప్లింగ్. మూడు కిలోహెర్ట్జ్ సైన్ తరంగాన్ని సెకనుకు నాలుగు వేలసార్లే కొలిచి ఫిల్టర్ గుండా పంపితే, అవతల ఒక కిలోహెర్ట్జ్ తరంగం వస్తుంది. నున్నగా, ఏ వంకా లేకుండా! దాన్నొక్కదాన్నే చూస్తే ఎవరికీ అనుమానం రాదు. నా రెండు ఛానళ్లూ కలిపి పెడితే పైన మూడు అలలు సాగేచోట కింద ఒక్కటే. గరిష్ఠ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలన్న నైక్విస్ట్, షానన్‌ల మాట అప్పుడు బుర్రకెక్కుతుంది. టెలిఫోన్‌లో గొంతును 3400 హెర్ట్జ్ దగ్గర ఆపి, సెకనుకు 8000 శాంపిళ్లు తీసుకునేది అందుకే. శాంపిల్‌కు 8 బిట్లు, మొత్తం సెకనుకు 64 కిలోబిట్లు.

ఇదంతా మ్యాట్‌ల్యాబ్‌లోనూ చేస్తున్నారు, మంచిదే. కానీ అడగందే అక్కడ నాయిస్ రాదు, గ్రౌండు క్లిప్పు ఊడదు. ప్రోబు మొనను వేలితో తాకండి, గోడల్లో పారే కరెంటు 50 హెర్ట్జ్ తరంగమై నా తెరకెక్కుతుంది. నా చేతిలో ఉంటే కొత్త బ్యాచ్‌కు ముందు దాన్నే చూపిస్తాను, ఏఎం కిట్టు తర్వాత తీయవచ్చు.