బస్ షెల్టర్ శిలాఫలకం: టీకా తాత్పర్యం

మూలం: ఈ బస్ షెల్టరు ప్రారంభోత్సవము గౌరవనీయులైన ముఖ్య అతిథి గారి కరకమలములచే జరిగినది.

అవతారిక: షెల్టరుకు పైకప్పు ఇంకా పడలేదు. బస్సూ రాలేదు. నిలబడ్డవాడికి చదవడానికి ఈ నల్లరాయి తప్ప మరో గ్రంథం లేదు.

ప్రతిపదార్థం: ప్రారంభ + ఉత్సవము = ప్రారంభోత్సవము, గుణసంధి. 'ప్రారంభ'లో ప్ర, ఆ అనే రెండు ఉపసర్గలు. వాటి వెనక 'రభ' ధాతువు. ధాతుపాఠం దీనికి చెప్పిన అర్థం రాభస్యం, అంటే తొందర, ఉరుకు. మనం రోజూ వాడే రభసకూ పుట్టిల్లు ఇదే. ముహూర్తం 10 గంటలకు, అతిథి వచ్చింది ఒంటిగంటకు. కాబట్టి ఇక్కడ తొందర లోపించి, ఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలన్న రభస మాత్రం మిగిలిందని గ్రహించాలి.

ఉత్సవానికి అమరసింహుడు చెప్పిన పర్యాయపదాల్లో 'క్షణము' ఒకటి. సభ 3 గంటలు సాగింది కదా, అమరుడు పొరబడ్డాడా అంటే, లేదు. ఉపన్యాసాలు తీసేసి చూడండి: రిబ్బను తెగడానికి పట్టింది క్షణమే.

కరకమలములు: కమలముల వంటి కరములు, ఉపమానం ఉత్తరపదంగా గల కర్మధారయం. కత్తెర, పళ్లెం, పళ్లెం పట్టుకున్న పిల్ల మూలంలో లేవు, అధ్యాహారం చేసుకోవాలి. ఇటుకలు మోసిన కరములకు మాత్రం ఏ పువ్వూ చెప్పలేదు. అది కవిసమయం కాదు కాబోలు.

పాఠాంతరం: ఆహ్వానపత్రికలో 'ఇనాగరేషన్' అని ఉంది. పూర్వం రోములో ఆగర్లనే పురోహితులు పక్షులు ఎటు ఎగిరాయో, ఎలా అరిచాయో చూసి దేవతల సమ్మతి చెప్పేవారు. ఆ మాట వాళ్ల పేరు మీదుగా వచ్చింది. ఇది పరాయి సంగతని తోసిపుచ్చరాదు. సంస్కృతంలో శకునమంటే పక్షి అనే అర్థమూ ఉంది. సభల్లో పావురాలను ఎగరేసేవాళ్లకు ఈ చుట్టరికం తెలుసో లేదో గానీ, ఆచారం మాత్రం సరిపోయింది.

తాత్పర్యం: ముఖ్య అతిథి వచ్చెను, కత్తిరించెను, వెళ్లెను.

విశేషం: రోము పద్ధతిలో బస్సు సంగతి తేల్చుకుందామని తలెత్తాను. కప్పులేని ఇనుప చట్రం మీద ఒక కాకి. నన్నోసారి చూసి, ఫలకం మీదికి దిగి, సరిగ్గా 'కరకమలముల' మీద తన వ్యాఖ్య తెల్లగా రాసి వెళ్లింది.